పని నేర్పిన పునీతుడు డాన్ బోస్కో

పదవ తరగతి పూర్తయిన బిడ్డను ఏ దారిన పెట్టాలన్న ప్రశ్న ప్రతి ఏటా మన ఇళ్ళలో వస్తూనే ఉంటుంది. డిగ్రీ చదివితే గౌరవమనీ, ఫిట్టర్ పనో, వెల్డర్ పనో నేర్చుకుంటే నామోషీ అనీ అనుకునేవారు మన విచారణల్లోనూ ఉన్నారు. అటువంటివారు పునీత జాన్ బోస్కో జీవితాన్ని ఒక్కసారి తలచుకోవాలి.

ఆయన 1815 ఆగస్టు 16న ఉత్తర ఇటలీలోని బెక్కి అనే పల్లెలో పేద రైతు కుటుంబంలో జన్మించారు. రెండేళ్ళు నిండకముందే తండ్రి చనిపోయారు. తల్లి మార్గరీత రెక్కల కష్టంతో పిల్లలను పెంచింది. తమ్ముడి చదువు సవతి అన్న అంతోనీకి గిట్టలేదు. అందువల్ల జాన్ చిన్న వయసులోనే ఇల్లు విడిచి కొంతకాలం పరాయి కమతంలో పాలేరుగా ఉండవలసి వచ్చింది. తరువాత బడికి వెళ్ళే రోజుల్లో దర్జీ దగ్గర కుట్టుపని, కమ్మరి దగ్గర కొలిమి పని నేర్చుకున్నారు. కాఫీ హోటల్లో పనిచేస్తూ కూడా చదువు సాగించారు.

1841 జూన్ 5న ఆయనకు గురుపట్టాభిషేకం జరిగింది. ఇటలీలో గురువులను 'డాన్' అని పిలుస్తారు. అలా ఆయన లోకానికి డాన్ బోస్కో అయ్యారు. ఆ రోజుల్లో టూరిన్ నగరం వేగంగా పెరుగుతోంది. కొండ పల్లెల నుండి వందలాది బాలురు తాపీ పనికి, రాళ్ళు చెక్కే పనికి, పొగగొట్టాలు శుభ్రం చేసే పనికి అక్కడికి వచ్చేవారు. వారికి అయినవారు లేరు, అక్షరం రాదు. పని దొరకనినాడు పస్తులు. ఖైదీలను పరామర్శించడానికి చెరసాలకు వెళ్ళిన డాన్ బోస్కో అక్కడ పసివాళ్ళను చూసి చలించిపోయారు. బయట తమను పట్టించుకునేవారు ఒక్కరున్నా వీరు ఇక్కడికి వచ్చేవారు కాదని గ్రహించారు.

అదే ఏడాది డిసెంబరు 8న బర్తొలొమేయో గరెల్లి అనే అనాథ తాపీ కుర్రవాడికి జపాలు నేర్పడంతో ఆయన సేవ మొదలైంది. 1846లో వాల్డొక్కోలో ఒక పాకను అద్దెకు తీసుకున్నారు. తల్లి మార్గరీత కూడా వచ్చి ఆ పిల్లలందరికీ అమ్మ అయ్యింది.

డాన్ బోస్కో పిల్లలకు పని చూపించి ఊరుకోలేదు. యజమానులతో స్టాంపు కాగితంపై ఒప్పందాలు రాయించారు. 1852 ఫిబ్రవరిలో బెర్తొలీనో అనే వడ్రంగి మేస్త్రీకీ, ఒదాస్సో అనే బాలుడికీ మధ్య రాసిన పత్రం ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులోని షరతులు గమనించండి. మేస్త్రీ తన వృత్తిని పూర్తిగా నేర్పాలి. వృత్తికి సంబంధం లేని చాకిరీ చేయించకూడదు. తప్పు చేస్తే మాటతోనే దిద్దాలి తప్ప చేయి చేసుకోకూడదు. కూలి ఏటేటా పెరగాలి. పండుగ రోజుల్లో పని ఉండకూడదు. ఏటా పదిహేను రోజులు సెలవివ్వాలి. బాలుడు కూడా శ్రద్ధగా, విధేయతతో పనిచేయాలి. దీనిపై బాలుడి తండ్రి, డాన్ బోస్కో కూడా సంతకాలు చేశారు.

అయినా బయటి పనిశాలల్లోని చెడు మాటలు, చెడు స్నేహాలు పిల్లలను పాడుచేయడం ఆయన చూశారు. అందుకే వాల్డొక్కోలోనే పనిశాలలు తెరిచారు. 1853లో చెప్పులు కుట్టడం, దర్జీ పని, 1854లో పుస్తకాల బైండింగు, 1856లో వడ్రంగం మొదలయ్యాయి. తరువాత ముద్రణాలయం, 1862లో ఇనుప పని వచ్చాయి. తొలి రోజుల్లో ఆయనే బల్ల ముందు కూర్చుని పని చూపించారు. 1884లో టూరిన్‌లో జరిగిన జాతీయ ప్రదర్శనలో ఆయన సంస్థవారు కాగితం తయారీ నుండి బైండింగు వరకు, ఒక పుస్తకం ఎలా తయారవుతుందో యంత్రాలతో ప్రజల కళ్ళెదుటే చేసి చూపించారు.

ఆయన 1859లో స్థాపించిన సలేషియన్ సభ ఈ పనిని దేశదేశాలకు తీసుకువెళ్ళింది. డాన్ బోస్కో 1888 జనవరి 31న ప్రభువునందు నిద్రించారు. 1934లో పునీతుడిగా ప్రకటింపబడ్డారు. 1958లో పన్నెండవ పయస్ పోపుగారు ఆయనను ఇటలీ దేశపు అప్రెంటిస్‌ల పాలక పునీతుడిగా ప్రకటించారు.

మన దేశంలోనూ 1961 నుండి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. దాని ప్రకారం ఒప్పందం రాసి నమోదు చేయించాలి, నేర్చుకునే కాలంలో స్టైపెండు ఇవ్వాలి. బిడ్డ మైనరైతే సంతకం పెట్టవలసింది సంరక్షకులే. కనుక తల్లిదండ్రులారా, సంతకం పెట్టేముందు కాగితం చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. బిడ్డకు పని నేర్పుతున్నారా, ఊరికే చాకిరీ చేయించుకుంటున్నారా అని మధ్య మధ్య వెళ్ళి చూడండి. నజరేతులో వడ్రంగం చేసిన మన ప్రభువు చేతిపనిని చిన్నచూపు చూడలేదు. పని నేర్చుకుంటున్న మన యువతీయువకుల కోసం పునీత డాన్ బోస్కో ప్రార్థన సహాయాన్ని వేడుకుందాం.