ఎముకలతో మాట్లాడించిన రేమండ్ డార్ట్

మానవజాతి ఆఫ్రికాలో పుట్టిందని మనం చదువుకుంటాం. దానికి తొలి గట్టి ఆధారం చూపిన శాస్త్రవేత్త రేమండ్ డార్ట్.

ఆయన 1893 ఫిబ్రవరి 4న ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, తొమ్మిదిమంది సంతానంలో ఒకరిగా జన్మించారు. స్కాలర్‌షిప్పులతో చదివి వైద్యులయ్యారు. 1923లో దక్షిణాఫ్రికా వెళ్ళి, జోహన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు.

1924లో టౌంగ్ అనే చోట సున్నపురాయి గని నుండి వచ్చిన ఒక రాతిలో చిన్నపిల్ల పుర్రె ఆయన కంటబడింది. అల్లిక సూదులతో రాయిని గీకి గీకి ఆ ముఖాన్ని బయటికి తీశారు. వెన్నుపాము వెళ్ళే రంధ్రం పుర్రె అడుగుభాగాన ఉంది. అంటే ఆ జీవి రెండు కాళ్ళపై నడిచిందన్నమాట! 1925లో దానికి ఆస్ట్రలోపితికస్ ఆఫ్రికానస్ అని పేరు పెట్టారు. ఇంగ్లండులోని పెద్ద పండితులు అది వాలిడి పిల్ల పుర్రె అని కొట్టిపారేశారు. మరిన్ని శిలాజాలు దొరికాక, సుమారు 20 ఏళ్ళకు డార్ట్ మాటే నిజమని అంగీకరించారు.

తరువాత మకపాన్స్‌గాట్ గుహలో వేలాది విరిగిన ఎముకలను ఆయన పరిశీలించారు. మన పూర్వికులు ఎముకలనే ఆయుధాలుగా వాడి జంతువులను వేటాడారని, తమలో తామే చంపుకుని తిన్నారని 1953లో రాశారు. ఈసారి లోకం ఆసక్తిగా విన్నది. కానీ సి.కె. బ్రెయిన్ అనే శాస్త్రవేత్త చిరుతలు, హైనాలు, కుక్కలు తిని వదిలిన ఎముకలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. గుహల్లోని ఎముకలూ అలాగే ఉన్నాయి. స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన ఒక పిల్లవాడి పుర్రెకున్న రెండు రంధ్రాలు చిరుత కోరలకు సరిగ్గా సరిపోయాయి. ఆనాడు మన పూర్వికులు వేటగాళ్ళు కాదు, వేటకు బలైనవారు! టౌంగ్ పిల్లను సైతం పెద్ద గద్ద ఎత్తుకుపోయిందని 1995లో పరిశోధకులు ప్రతిపాదించారు.

మరి మనిషిని మనిషి తిన్నాడా? విరిగిన ఎముక ఒక్కటే సాక్ష్యం కాదు. మాంసం కోసిన రాతి పనిముట్టు గాట్లు కావాలి. అలాంటివి స్పెయిన్‌లోని అటపుయెర్కాలో 1994 నుండి దొరికిన, సుమారు 8 లక్షల ఏళ్ళనాటి మానవ ఎముకలపై కనిపించాయి. కెన్యాలో దొరికిన 14.5 లక్షల ఏళ్ళనాటి ఒక కాలి ఎముకపై కూడా ఉన్నాయని 2023లో ప్రకటించారు. అయితే కోసినవారు ఆ జాతివారేనా అన్నది తేలలేదు.

డార్ట్ 1988 నవంబరు 22న కన్నుమూశారు. పండితులు కాదన్నప్పుడు ఆయన చెప్పింది నిజమైంది. లోకం ఔనన్నప్పుడు చెప్పింది నిలబడలేదు. మిత్రులారా! ఎవరు చెప్పారన్నది కాదు, ఆధారం ఏమిటన్నదే సైన్సు అడిగే ప్రశ్న. మనమూ అదే అడుగుదాం.