మథయస్ బాల్డ్విను చరిత్రము

మన బాలురలో కొందఱు సెలవుదినములందు తగరపు రేకులను మలచి, దారపు కండెలను చక్రములుగా నమర్చి, చిన్న పొగబండ్లు చేసికొని యాడుట మేమెఱుగుదుము. అది వ్యర్థ కాలక్షేపమని తలంచువారు ఈ చరిత్రమును చదువవలెనని మా కోరిక.

మథయస్ బాల్డ్విను 1795వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించెను. పసితనముననే తండ్రిని గోల్పోయెను. నగల పని నేర్చి ఫిలడెల్ఫియా నగరమున జీవించుచు, పిమ్మట పుస్తకములకు అట్టలు కట్టువారి పనిముట్లను చేయు కార్ఖానా పెట్టెను. దానికి వలసిన ఆవిరియంత్రమును తానే నిర్మించుకొనెను.

ఆ నగరమందలి వస్తుప్రదర్శనశాలాధికారి ఫ్రాంక్లిన్ పీలు ప్రజల వినోదమునకై ఒక చిన్న రైలు ఇంజను చేయుమని ఆయనను కోరెను. ఇంగ్లండులో 1829లో రెయిన్‌హిల్లు పందెమున పరుగెత్తిన ఇంజనుల అసంపూర్ణ వర్ణనలును పటములును మాత్రమే ఆయనకు లభించెను. వానినిబట్టి చేసిన ఇంజను 1831 ఏప్రిలు 25న ప్రదర్శనశాలలో, కొయ్యపలకలపై ఇనుపపట్టీ కొట్టిన గుండ్రని దారిని, నలుగురికి చోటుగల రెండు చిన్న బండ్లను లాగుచు పరుగిడెను. చూచుటకు జనులు గుంపులుగా వచ్చిరి.

అంతట ఒక రైలు కంపెనీవారు పెద్ద ఇంజను కావలెననిరి. ఇంగ్లండునుండి వచ్చిన ఇంజనొకటి బోర్డెన్‌టౌనులో ఒక కొట్టమున, ఇంకను కూర్పబడక, విడిభాగములుగా నుండెను. బాల్డ్విను అచ్చటికిబోయి, భాగములను పరీక్షించి, కొలతలు వ్రాసికొనెను. ఆ కొలతలకు తన చిన్న ఇంజను నేర్పిన యనుభవమును జేర్చి పని మొదలుపెట్టెను. తగిన పనిముట్లు లేవు. కొయ్యదిమ్మెలో ఉలిని బిగించి, చేతితో త్రిప్పుచు సిలిండర్లను తొలిచెను. 1832 నవంబరు 23న ఐదు టన్నులకు మించిన ఆ ఇంజను నడచెను. అయినను దానియందు లోపములుండెను. వానదినములలో బండ్లకు గుఱ్ఱములనే కట్టిరి. ఒప్పుకొన్న 4,000 డాలర్లకు 3,500 మాత్రమే ముట్టెను. ఇక ఇంజను చేయనని ఆయన విసిగెను. కాని మరల పూనుకొనెను.

1835లో నల్లజాతి బాలలకు పాఠశాల నెలకొల్పి, ఉపాధ్యాయులకు తన సొమ్ముతో జీతములిచ్చెను. అందులకు కోపించి దక్షిణ రాష్ట్రముల రైలు కంపెనీలు కొంతకాలము ఆయన ఇంజనులను కొనవయ్యెను. నష్టము వచ్చినను ఆయన బడిని విడువలేదు. 1866 సెప్టెంబరు 7న పరమపదించునాటికి ఆయన కార్ఖానా 1,500కు మించి ఇంజనులను చేసియుండెను. అది 1956లో ఆ పని మానెను. అంతకుముందు 1947లో, మన దేశమున ప్రసిద్ధికెక్కిన డబ్ల్యు.పి. జాతి ఇంజనులలో మొదటి పదునాఱింటిని అదియే పంపెను.

బాలురారా, చేతిలోని చిన్నపనిని శ్రద్ధతో చేయుడు. లాభము పోయినను న్యాయమును విడువకుడు. ఈ రెండును ఆయన జీవితమునుండి మనము నేర్వదగినవి.