సస్యవైద్యుడు బట్లరు

ఎడ్విన్ జాన్ బట్లరు 1874లో ఐర్లండు దేశమున జన్మించెను. కార్కు నగరమందలి క్వీన్సు కళాశాలలో వైద్యవిద్య నభ్యసించి 1898లో పట్టభద్రుడయ్యెను. కాని ఆయన మనస్సు శిలీంధ్రములపై లగ్నమయ్యెను. మరల విద్యార్థియై పారిసు మొదలగు చోట్ల వృక్షశాస్త్రమును పఠించెను.

1901లో భారతదేశమునకు వచ్చి, పిదప బీహారునందలి పూసా పరిశోధనాలయమున సస్యరోగ పరిశోధనకు పునాది వేసెను.

ఆ కాలమున గోదావరి మండలమున తాటిచెట్లు మొవ్వు కుళ్లి చచ్చుచుండెను. తాటికి మొవ్వొక్కటే ప్రాణము. అది పోయినచో మరియొక చిగురు పుట్టదు. కల్లుగీతపై, తాటాకుపై బ్రతుకు కుటుంబములకది పెనువిపత్తు. బట్లరు ఆ తెగులునకు మూలమైన సూక్ష్మజీవిని గుర్తించి, 1907లో దానికి నామకరణము చేసెను. నేటి శాస్త్రజ్ఞులు దానిని ఫైటోఫ్తోరా పాల్మివోరా అందురు. కొబ్బరికిని, కోకోకును అదియే శత్రువు. తెగులు సోకిన మొవ్వులను నరికి కాల్చివేయుటయే నాటి చికిత్స.

1918లో ఆయన భారతదేశ సస్యరోగములపై బృహద్గ్రంథమును ప్రకటించెను. 1920లో ఇంగ్లండునందలి క్యూలో శిలీంధ్రశాస్త్ర సంస్థకు అధిపతియై, 1943లో పరమపదించెను. పూసా సంస్థ 1936లో ఢిల్లీకి తరలివచ్చెను.

మనుష్యుల నాడి పట్టుట నేర్చిన ఆ వైద్యుడు నోరులేని చెట్టు బాధ నెరిగెను. వ్యవసాయ కళాశాలలలో తెగుళ్లశాస్త్రము చదువు మన బిడ్డలు నేడును ఆ బాటనే నడచుచున్నారు.