చెప్పని క్షమాపణ

ఇంట్లోగానీ, సంఘంలోగానీ, దేశంలోగానీ పెద్ద పొరపాటు జరిగి నలుగురిలో పరువు పోయే పరిస్థితి వచ్చినప్పుడు మనుషులు ముందుగా వెదికేది దాన్ని ఎవరు చేయించారన్నది కాదు, దాన్ని ఎవరి నెత్తిన వేస్తే సులువుగా బయటపడతామన్నది. ఆ నెత్తి ఎప్పుడూ పేదవాడిదే అవుతుంది. ఇంగ్లండ్ క్రికెట్ చరిత్రలో అత్యంత వేగవంతమైన బౌలర్లలో ఒకడిగా పేరుపొందిన హెరాల్డ్ లార్వుడ్ జీవితం అందుకు సాక్ష్యం.

లార్వుడ్ 1904 నవంబరు 14న ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో నన్‌కార్‌గేట్ అనే చిన్న గని గ్రామంలో పుట్టాడు. తండ్రి రాబర్ట్ బొగ్గుగని కార్మికుడు. మద్యం ముట్టనివాడు, క్రమశిక్షణ గలవాడు. ఊళ్లోని మెథడిస్టు ప్రార్థనా మందిరానికి కోశాధికారి. దైవభక్తి తర్వాత ఆయనకున్న ఇష్టమల్లా క్రికెట్టే. ఊరి జట్టుకు ఆయనే కెప్టెన్. ఐదుగురు కొడుకుల్లో నాలుగోవాడైన హెరాల్డ్ చిన్నతనంలోనే చదువు ఆపేసి పద్నాలుగేళ్లకే గనిలో దిగాడు. నేల అడుగున బొగ్గు బళ్లు లాగే గుర్రాలను తోలడం అతని పని. రోజంతా చీకట్లో చాకిరీ చేసి సాయంత్రం పైకి వచ్చాక వెలుతురు ఉన్నంతసేపూ బౌలింగ్ చేసేవాడు. ఆ గనిలో పెరిగిన భుజాల బలమే తర్వాత బంతికి వేగమైంది.

అదే ఊరివాడైన టెస్టు ఆటగాడు జో హార్డ్‌స్టాఫ్ ఆ కుర్రాడి ప్రతిభ చూసి కౌంటీ జట్టుకు సిఫారసు చేశాడు. 1923లో ట్రెంట్ బ్రిడ్జ్ మైదానంలో జరిగిన పరీక్షకు తండ్రి వెంటరాగా వెళ్లాడు. పద్దెనిమిదేళ్ల ఆ కుర్రాడు ఐదడుగుల నాలుగంగుళాలకు మించి లేడు. అయినా వారానికి 32 షిల్లింగుల జీతం మీద తీసుకున్నారు. మరుసటి ఏడాదే కౌంటీ జట్టుకు ఆడాడు, 1926లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాపై తొలి టెస్టు ఆడాడు. ఇంగ్లండ్ కౌంటీ ఆటలో బౌలింగ్ సగటుల పట్టికలో ఐదు సీజన్లలో ప్రథమ స్థానం ఆయనదే. వేగాన్ని కొలిచే యంత్రాలు లేని ఆ రోజుల్లో ఆయన బంతి గంటకు 145 కిలోమీటర్లకు పైనే వెళ్లేదని ఒక అంచనా.

అప్పటి ఇంగ్లండ్ క్రికెట్‌లో రెండు కులాలుండేవంటే అతిశయోక్తి కాదు. జీతం తీసుకోకుండా ఆడే పెద్దింటివారు అమెచ్యూర్లు, జీతానికి ఆడేవారు ప్రొఫెషనల్స్. చాలా మైదానాల్లో ఇద్దరికీ వేరువేరు గదులు, లోపలికి వచ్చే గేట్లు కూడా వేరే. ఇంగ్లండ్ కెప్టెన్ పదవి అమెచ్యూర్లకే దక్కేది. 1952లో లెన్ హటన్ వచ్చేదాకా ఆ ఆనవాయితీ మారలేదు. కెప్టెన్ చెబితే ప్రొఫెషనల్ చేయాలి. ఎదురు చెబితే మరుసటి ఏడాది అతని పొయ్యి మీద కుండ ఉండదు.

1930లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ డాన్ బ్రాడ్‌మన్ ఇంగ్లండ్‌కు వచ్చి ఒక్క సిరీస్‌లోనే 974 పరుగులు చేశాడు. ఆ సిరీస్‌లో లార్వుడ్‌కు దక్కినవి నాలుగే వికెట్లు. బ్రాడ్‌మన్‌ను ఎలా ఆపాలన్నదే ఇంగ్లండ్ పెద్దల బెంగ. 1932లో ఆస్ట్రేలియా వెళ్లే జట్టుకు డగ్లస్ జార్డిన్‌ను కెప్టెన్ చేశారు. జార్డిన్ బొంబాయిలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన పెద్దింటి మనిషి. అదే ఏడాది జూన్‌లో, తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు నాయకత్వంలో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టులో ఇంగ్లండ్ కెప్టెన్ కూడా ఆయనే. ఆగస్టులో లండన్‌లోని ఒక హోటల్‌కు లార్వుడ్‌నూ, మరో గని కార్మికుడైన బౌలర్ బిల్ వోస్‌నూ భోజనానికి పిలిచి తన ఆలోచన చెప్పాడు. బంతిని నేలకు ముందుగా కొట్టి బ్యాట్స్‌మన్ పక్కటెముకల మీదికి, తల మీదికి లేపాలి. అతను తప్పించుకోవడానికి బ్యాట్ అడ్డుపెడితే పట్టుకోవడానికి లెగ్‌సైడ్‌లో దగ్గరగా ఫీల్డర్లను వరుసగా నిలబెట్టాలి. హెల్మెట్లు లేని కాలం అది. లోకం ఆ పద్ధతికి బాడీలైన్ అని పేరు పెట్టింది.

పథకం ఫలించింది. లార్వుడ్ ఐదు టెస్టుల్లో 33 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ 4-1తో గెలిచింది. కానీ 1933 జనవరిలో అడిలైడ్‌లో జరిగిన మూడో టెస్టు ఆటకే మచ్చ తెచ్చింది. యాభై వేలమందికి పైగా చూస్తుండగా లార్వుడ్ బంతి ఆస్ట్రేలియా కెప్టెన్ బిల్ వుడ్‌ఫుల్ గుండెకు కాస్త పైన బలంగా తగిలింది. వుడ్‌ఫుల్ ఒక మెథడిస్టు పాదిరి కొడుకు. కొట్టినవాడూ, దెబ్బతిన్నవాడూ ఒకే రకం ప్రార్థనా మందిరాల నీడలో పెరిగినవారన్నమాట. వుడ్‌ఫుల్ నొప్పితో మెలికలు తిరిగి కోలుకునీ కోలుకోకముందే, మళ్లీ ఆయన బ్యాటింగ్‌కు ఎదురైనప్పుడు జార్డిన్ ఫీల్డర్లను బాడీలైన్ వరుసలోకి మార్చాడు. జనం ఆగ్రహంతో ఊగిపోయారు. ఒకరోజు విరామం తర్వాత వికెట్ కీపర్ బెర్ట్ ఓల్డ్‌ఫీల్డ్ లార్వుడ్ బంతిని కొట్టబోగా అది బ్యాట్ అంచుకు తగిలి తలమీదికి లేచింది. పుర్రె చిట్లింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఓల్డ్‌ఫీల్డ్ పడిపోగానే లార్వుడ్ ఆయన దగ్గరికి వెళ్లి తన బాధ చెప్పుకున్నాడు. ఆ బంతి పడినప్పుడు ఫీల్డింగ్ మామూలు పద్ధతిలోనే ఉంది. ఇందులో నీ తప్పేమీ లేదని గాయపడిన ఓల్డ్‌ఫీల్డ్ కూడా అన్నాడు. నొప్పి కలిగించినవాడు నొప్పి పడినవాడి దగ్గరికి నేరుగా వెళ్లాడు. ఎవరూ చెప్పమనలేదు.

గొడవ ఆటస్థలం దాటింది. ఇది క్రీడాస్ఫూర్తి కాదని ఆస్ట్రేలియా బోర్డు టెలిగ్రాం పంపింది. ఇంగ్లండ్ క్రికెట్‌ను నడిపించే మెరిల్‌బోన్ క్లబ్ పెద్దలు తమ కెప్టెన్‌ను వెనకేసుకొచ్చారు. వ్యవహారం రెండు దేశాల ప్రభుత్వాల దాకా వెళ్లింది. ఇదంతా జరుగుతుండగానే జట్టులోని గబీ అలెన్ అనే మరో ఫాస్ట్ బౌలర్ బాడీలైన్ వేయనని జార్డిన్ ముఖం మీదే చెప్పాడు. అలెన్ అమెచ్యూర్. ఆయనకు ఏ శిక్షా పడలేదు, తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ కూడా అయ్యాడు. అలెన్ ధైర్యం మెచ్చదగినదే. కాకపోతే ఆయన జీతగాడు కాదు. గనిలోంచి వచ్చిన వాడికి ఆ మాట అనే వీలు ఎంతుందో ఆలోచిస్తేనే లార్వుడ్‌ను సరిగ్గా తూచగలం.

సిడ్నీలో జరిగిన చివరి టెస్టులో లార్వుడ్ బ్యాటింగ్‌కు దిగి 98 పరుగులు చేశాడు. అంతవరకు ఆయన్ని తిట్టిన ఆస్ట్రేలియా జనమే లేచి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత బౌలింగ్ చేస్తుండగా ఎడమ కాలి పాదంలో ఎముక విరిగింది. నడవలేని స్థితిలో బయటికి వెళ్తానంటే, బ్రాడ్‌మన్ అవుటయ్యేదాకా మైదానంలోనే ఉండమన్నాడు జార్డిన్. ఉన్నాడు. బ్రాడ్‌మన్ అవుటయ్యాక ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఒకేసారి మైదానం దాటారు. టెస్టు క్రికెట్‌లో లార్వుడ్ కనిపించడం అదే ఆఖరుసారి. అప్పటికి ఆయన వయసు 28.

1933 వేసవిలో వెస్టిండీస్ బౌలర్లు ఇంగ్లండ్‌లోనే ఇంగ్లండ్ మీద బాడీలైన్ ప్రయోగించారు. జార్డిన్ దాన్ని ఎదుర్కొని 127 పరుగులు చేశాడు. కానీ తమ కళ్లముందు తమవాళ్లకే ఆ బంతులు తగులుతుంటే చూసిన పెద్దలకు అదెంత వికారంగా ఉంటుందో తెలిసొచ్చింది. 1934లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్‌కు రావలసి ఉంది. వారిని శాంతపరచాలి. అప్పుడు పెద్దల చూపు కెప్టెన్‌ను ఎంపిక చేసి పంపిన తమమీద పడలేదు, గని కార్మికుడి మీద పడింది. నాటింగ్‌హామ్‌షైర్ క్లబ్‌లో ప్రముఖుడైన సర్ జూలియన్ కాన్ లార్వుడ్‌ను పిలిచి, నీ బౌలింగ్‌కు మెరిల్‌బోన్ క్లబ్‌కు క్షమాపణ చెప్పుకో, లేకపోతే ఇంగ్లండ్‌కు ఆడలేవని తేల్చాడు. కెప్టెన్ ఆజ్ఞను పాటించాను, అందుకు క్షమాపణ చెప్పేదేమీ లేదన్నాడు లార్వుడ్. అంతే, ఇంగ్లండ్ జట్టు తలుపు మూసుకుపోయింది. ఆయనతోపాటే బాడీలైన్ వేసిన వోస్ పెద్దలతో రాజీపడి 1936లో అలెన్ నాయకత్వంలో మళ్లీ ఆస్ట్రేలియా వెళ్లాడు. లార్వుడ్ 1938 దాకా కౌంటీ ఆటతోనే సరిపెట్టుకున్నాడు. 21 టెస్టుల్లో 78 వికెట్లు, ఫస్ట్‌క్లాస్ ఆటలో 1,427 వికెట్లు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఆయన చెల్లించిన వెల.

జార్డిన్ మాత్రం తన బౌలర్‌ను వదిలేయలేదు. కృతజ్ఞతగా ఒక వెండి జ్ఞాపిక ఇచ్చాడు, 1934లో తానూ టెస్టు క్రికెట్‌కు దూరమయ్యాడు. ఆజ్ఞాపించినవాడికి ఆ నిజాయితీ ఉంది. లేనిది ఆ పైనున్నవారికి.

దావీదు రాజు ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టమని యోవాబుకు ఉత్తరం రాసిన సంగతి మనకు తెలుసు. యోవాబు ఆజ్ఞను పాటించాడు, ఊరియా చనిపోయాడు. యోవాబు నిర్దోషి అని బైబిల్ ఎక్కడా అనదు. కానీ దేవుడు నాతాను ప్రవక్తను పంపింది సేనాధిపతి గుడారానికి కాదు, రాజుగారి మందిరానికి. లెక్క అడగడం పైనుంచి మొదలైంది. ఇంగ్లండ్‌లో ఆ లెక్క కిందినుంచి మొదలై కిందనే ఆగిపోయింది. లార్వుడ్‌ను మచ్చలేనివాడిగా చూపడం మన ఉద్దేశం కాదు. బాడీలైన్ తప్పని ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ బంతులు మనుషుల్ని గాయపరిచాయి, ప్రాణాలు కూడా పోయి ఉండేవి. ఆజ్ఞ పాటించాననడం ఒక కారణమే తప్ప పూర్తి జవాబు కాదు. అయినా గాయపడినవాడికి చెప్పే మన్నింపు మాట వేరు, పెద్దల పరువు నిలబెట్టడానికి చదివే క్షమాపణ వేరు. మొదటిది ఆయన అడగకుండానే చెప్పాడు. రెండోది అడిగినా చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946లో ఆయన బ్లాక్‌పూల్ పట్టణంలో చిన్న మిఠాయి కొట్టు పెట్టుకున్నాడు. సొంత దేశం దాదాపు మరచిపోయిన ఆయన్ని 1948లో వెదుక్కుంటూ వచ్చినవాడు ఎవరో తెలుసా? ఒకప్పుడు ఆయన బంతుల దెబ్బలు తిన్న ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ జాక్ ఫింగిల్టన్. అప్పటికి పత్రికా రచయిత. ఆస్ట్రేలియా వచ్చి స్థిరపడమని ప్రోత్సహించాడు. 1950లో లార్వుడ్ భార్య లోయిస్‌తో, ఐదుగురు కుమార్తెలతో ఓరంటీస్ అనే ఓడ ఎక్కాడు. 1932లో బాడీలైన్ జట్టును తీసుకెళ్లిన ఓడ కూడా అదే. సిడ్నీలో ఇల్లు దొరికేదాకా ఆ కుటుంబం హోటల్‌లో ఉంటే, అంతకు కొద్ది నెలల ముందే పదవి దిగిన ప్రధాని బెన్ చిఫ్లీ ఆ బిల్లులో సగం రహస్యంగా తానే కట్టాడు. లార్వుడ్‌కు శీతల పానీయాల కంపెనీలో ఉద్యోగం దొరికింది. పుర్రె చిట్లిన ఓల్డ్‌ఫీల్డ్ ఆయనకు మంచి స్నేహితుడయ్యాడు. ఒకనాడు ద్వేషించిన దేశమే ఆయన్ని తన పౌరుల్లో ఒకడిగా చూసుకుంది.

యాకోబు ఇరవై ఏళ్ల తర్వాత భయపడుతూ అన్న దేశానికి తిరిగొచ్చినప్పుడు ఏశావు ఎదురు పరుగెత్తి వచ్చి మెడమీద పడి ఏడ్చిన ఘట్టం ఇక్కడ గుర్తుకు రాక మానదు. దెబ్బ తిన్నవాడే ముందడుగు వేస్తే తప్ప పాత పగలు చల్లారవు. ఆస్ట్రేలియా వాళ్లు లార్వుడ్ నుంచి క్షమాపణ పత్రం అడగలేదు. తలుపు తీశారు.

బ్రిటన్ ప్రభుత్వం 1993లో ఆయనకు ఎం.బి.ఇ. పురస్కారం ఇచ్చింది. అప్పటికి బాడీలైన్ జరిగి అరవై ఏళ్లు. 1995 జూలై 22న సిడ్నీలో తొంభయ్యో ఏట ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాత సొంత ప్రాంతంలో ఆయనకు విగ్రహం పెట్టారు.

మన సంఘాల్లోనూ లెక్కల్లో తేడా వస్తే గుమాస్తా, కార్యక్రమం చెడితే యౌవనస్థుల నాయకుడు, ఇంట్లో వస్తువు పగిలితే పనిమనిషి ముందుగా తలవంచాలి. వారి వెనక ఆజ్ఞ ఇచ్చినవారు ముందు వరుస కుర్చీల్లో నిశ్చింతగా కూర్చుంటారు. పిలాతు చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. ఈ వారం ఎవరితోనైనా క్షమాపణ చెప్పించాలని మీకనిపిస్తే, ఆ పని చేయమన్నది ఎవరో ముందు అడగండి. జవాబు మన పేరే అయితే ఆ క్షమాపణ కూడా మనదే.