కవిబ్రహ్మ తిక్కన సోమయాజి: కవియు, రాయబారియు

పల్లెపట్టున పద్యనాటకము ఆడింపదలచిన పెద్దలు తొలుత అడుగునది రాయబారమే. శ్రీకృష్ణుడు కౌరవసభకు పోయి సంధి మాటలాడు ఘట్టము తెల్లవారుజాము వరకు సాగినను లేచి పోవువా రుండరు. తిరుపతి వేంకటకవుల నాటకముల వలన ఆ ఘట్టము ఊరూర ప్రాకినది. అయితే వారికి ఆరువందల యేండ్లకు పైగా ముందే దానిని తెలుగున స్థిరముగా నిలిపినవాడు తిక్కన. ఆ మహాకవి తానును ఒకనాడు తన రాజు కొఱకు పరరాజు సభకు రాయబారియై పోయినవాడను సంగతి మాత్రము పలువురు స్మరింపరు.

తిక్కన 13వ శతాబ్దమువాడు. సుమారు 1205 నుండి 1288 వరకు జీవించెనని పండితులు లెక్కింతురు. ఇంటిపేరు కొట్టరువు, గోత్రము గౌతమము. తాత మంత్రి భాస్కరుడు గుంటూరున అధికారము నెఱపినవాడు. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. కావ్యము, కత్తి, కార్యాలోచనము మూడును ఆ యింట వంశధనములుగా నుండెను. పెదతండ్రి సిద్ధన కుమారుడును తిక్కన పేరివాడే. యుద్ధవీరుడైన అతనిని లోకము ఖడ్గతిక్కన యనెను. కవి తిక్కన నెల్లూరున, అనగా నాటి విక్రమసింహపురమున, తెలుగు చోడ ప్రభువైన మనుమసిద్ధికి మంత్రియు ఆస్థానకవియు నయ్యెను. రాజు ఆయనను మామా యని పిలుచు చనువు కలదు. తిక్కన తొలి కృతియైన నిర్వచనోత్తర రామాయణము మనుమసిద్ధికే అంకితము. నడుమ వచన మొక్కటియు లేకుండ అంతయు పద్యముగా చెప్పుట దానియందలి విశేషము.

తండ్రి తిక్కభూపాలుని అనంతరము మనుమసిద్ధి గద్దె నెక్కిన కొలది కాలమునకే దాయాదుల పోరు రేగినది. అక్కన, బయ్యన అనువారు ఆతనిని వెడలగొట్టి నెల్లూరు నాక్రమించిరి. ఇది 1250 ప్రాంతపు మాట. రాజ్యము పోయిన రాజు నాశ్రయించి యుండుటకు ఎవరును ఇష్టపడరు. ఆస్థానకవులు అంతకన్న ముందే మఱియొక నీడ చూచుకొందురు. తిక్కన అట్లు చేయలేదు. సాయము కోరి ఓరుగంటికి బయలుదేరెను.

నెల్లూరు నుండి ఓరుగల్లు నేటి రోడ్డు మీదనే నాలుగువందల కిలోమీటర్లు మించును. పెన్న, గుండ్లకమ్మ, కృష్ణ దాటవలెను. చేరవలసినది కాకతి గణపతిదేవుని సభ. 1199 నుండి 1262 వరకు ఏలిన ఆ చక్రవర్తి బలము సేనలయందే కాక చెరువులయందును ఉండెను. మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరపు నీటితో వరి పండించు సీమవారికి ఇది వేరుగ చెప్పనక్కఱలేదు. పాకాల చెరువు, రామప్ప చెరువు ఆయన కాలపువే. 1244లో మోటుపల్లి రేవున విదేశ వర్తకులకు అభయశాసన మిచ్చినవాడును ఆయనయే. అట్టి ప్రభువునకు దూరదేశపు చిన్నరాజు కష్టము పట్టవలసిన పని యేమి? రాయబారి చేతిలో సేన లేదు, కానుకలకు ధనాగారము లేదు. ఉన్నది వాక్కు ఒక్కటే.

తరువాతి కాలమున కాసె సర్వప్ప రచించిన సిద్ధేశ్వర చరిత్రము ఈ సందర్భమును విపులముగా చెప్పుచున్నది. దాని ప్రకారము గణపతిదేవుడు కవి నెదుర్కొని సత్కరించి, ఆయన నోట భారతకథ వినెను. సభలో పరమత పండితులతో తిక్కన వాదించి గెలిచెను. పిమ్మటనే రాజు వచ్చిన కార్య మడిగెనట. ఈ కథలో భక్తుల అలంకారములు కొన్ని చేరియుండవచ్చును గాని, ఇందొక నేర్పు కనబడుచున్నది. అడుగవలసిన దానిని మొదటనే అడుగక, అడుగదగినవా డని రాజు తెలిసికొన్న పిదప అడుగుట రాయబారికి మొదటి పాఠము. గణపతిదేవుడు సామంతభోజుని నాయకత్వమున సేనను పంపెను. అక్కన బయ్యనలు ఓడిరి. మనుమసిద్ధి మరల నెల్లూరు గద్దెపై కూర్చుండెను. ఊరక దొరకినది కాదు. నెల్లూరు అప్పటినుండి కాకతీయుల నీడను మెలగవలసి వచ్చెను. పూర్తిగ పోయిన దానికన్న ఒకరి నీడనైన నిలిచినది మేలని మంత్రి యెంచియుండును.

కవులను దూతలుగా పంపుట ఒక్క తెలుగుదేశపు ఆచారము కాదు. ఆఫ్రికాలోని ఘనా దేశపు కవి కోఫీ అవూనర్ గత శతాబ్దమున బ్రెజిల్, క్యూబా దేశములకు రాయబారియై, ఐక్యరాజ్యసమితిలో తన దేశమునకు ప్రతినిధియై పనిచేసెను. ఆయన 2013లో నైరోబీ నగరపు దాడిలో మరణించెను. మాట బరువు తెలిసినవానికి దేశము తన మాట నప్పగించుట అక్కడను ఇక్కడను ఒక్కటే.

తిక్కన జీవితమున పెద్దపని భారత రచన. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ మొదలిడిన భారతము అరణ్యపర్వము నడుమ ఆగిపోయినది. ఇరువది దశాబ్దముల కాలము దాని జోలికి పోయి ముగించినవారు లేరు. తిక్కన అరణ్యపర్వశేషమును ముట్టక విరాటపర్వము నుండి స్వర్గారోహణము వరకు పదునైదు పర్వములు ఒంటిచేతితో పూర్తిచేసెను. (మిగిలిన భాగమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను.) తొలి కావ్యమును రాజున కిచ్చిన కవి దీనిని ఏ రాజునకు నీయలేదు. స్వప్నమున తండ్రి కొమ్మన కనబడి హరిహరనాథుని ఆజ్ఞ తెలిపెనని విరాటపర్వపు పీఠికలో చెప్పుకొని ఆ దేవునికే అంకిత మిచ్చెను. శైవులు వైష్ణవులు ఒకరి నొకరు దూషించుకొను దినములలో శివకేశవు లిద్దరు నొక్కడే యనుట సామాన్యమైన మాట కాదు. కొట్లాడు రెండు పక్షములను ఒక్క చోట కూర్చుండబెట్టుట ఇచ్చటను ఆయన వృత్తియే.

ఉద్యోగపర్వము చదువునపుడు ఆ అనుభవము మఱింత స్పష్టపడును. ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, చివరకు శ్రీకృష్ణుడు: ముగ్గురును దూతలే, ముగ్గురి మాట తీరును వేఱు. పురోహితుడు ధర్మము చెప్పును. సంజయుడు పంపినవాని పిసినితనమును తీపిమాటలతో కప్పవలసి వచ్చి ఇబ్బందిపడును. కృష్ణుడు సంధి కోరుచునే యుద్ధమునకు దారి చూచును. పెద్దసభలో నిలిచి పరుల ముఖముల భావములను చదివిన మనిషి వ్రాసిన ఘట్టములివి. భారతమున ఆ మూడు రాయబారములును విఫలములు. ఓరుగంటి రాయబారము మాత్రము సఫలము.

రచన సాగిన తీరును గూర్చి ఒక కథ కలదు. ఆగక చెప్పెదనని కవియు, ఆపక వ్రాసెదనని లేఖకుడు గురునాథుడును పంతము వేసికొనిరట. ఒకచోట పద్యము తట్టక తిక్కన లేఖకుని పేరుపెట్టి, ఏమి చెప్పుదునని వాపోయెను. గురునాథుడు ఆ మాటనే వ్రాసికొనెను. సంధి వలన అతని పేరు కురునాథ యని మారి, ధృతరాష్ట్రునికి సంబోధనమై పద్యపాదమున అతికిపోయెను.

ఆ యింటి రెండవ తిక్కన చరిత్ర వేఱు. పశువుల మేతకు చెల్లింపవలసిన పుల్లరి తగవు పెరిగి కాటమరాజునకు మనుమసిద్ధికి యుద్ధము వచ్చెను. మొదట వెనుదిరిగి వచ్చిన ఖడ్గతిక్కనను ఇంటి స్త్రీలు పసుపు, నీళ్లు పెట్టి స్త్రీలతో సమముగా చూచి సిగ్గుపఱచిరని, అతడు మరల పోయి నేలకొఱగెనని జనశ్రుతి. కాటమరాజు కథను గొల్లలు తరతరములుగా పాడుచు వచ్చిరి. మాటతో తగవు తీర్చగల మంత్రి యింట ఉండియు ఆ తగవు తీరకపోవుట వింతయే.

కవి కాపాడిన గద్దెయు ఎంతోకాలము నిలువలేదు. 1263 ప్రాంతమున పాండ్యుల దండయాత్రలో ముత్తుకూరు యుద్ధమున మనుమసిద్ధి మరణించెను. యజ్ఞము చేసి సోమయాజి యైన తిక్కన తరువాతను చాలకాలము జీవించెను. కేతన తన దశకుమార చరిత్రమును ఆయనకు అంకిత మిచ్చెను. కవికి కవి కృతి యిచ్చుట తెలుగున అపూర్వము. శిష్యుడైన మారన మార్కండేయ పురాణమును తెనిగించి, ప్రతాపరుద్రుని సేనాని గన్నయ నాయకునికి అంకితము చేసెను. గురువు సాయము కోరి పోయిన ఓరుగంటికి శిష్యుడు కావ్యము తీసికొని పోయెను. ఆ ప్రక్కనే హనుమకొండలో 1904లో వెలసిన గ్రంథాలయమునకు, భారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుని పేరే పెట్టిరి.