గొరగనమూడి స్వామి – గామా మెరుపులు

మాది పెనుగొండ. కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఊరు. బంగారం మాట ఎత్తని రోజుండదు మా ఊళ్ళో. ఆ బంగారం అసలెక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ అడగరు.

ఇంటి ఇబ్బందుల వల్ల నాలుగేళ్ళు చదువు మానేసి, ఆలస్యంగా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్సులో చేరాను. చిన్నవాళ్ళ పక్కన కూర్చోవాలంటే సిగ్గేసేది. మానేసి పోదామా అనుకుంటున్న రోజుల్లో, అణుభౌతిక పరిశోధనాలయానికి పెట్టిన పేరు నన్ను ఆపేసింది: స్వామి జ్ఞానానంద. ప్రయోగశాలకు సన్యాసి పేరేమిటి? ఆరా తీస్తే, ఆయన మా జిల్లావారే!

భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టారు. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు పోయారు. తర్వాత యూరపు వెళ్ళి యోగం మీద ఉపన్యాసాలిచ్చారు. అక్కడే, ముప్పై దాటాక, భౌతికశాస్త్రం ఆయన్ని పట్టుకుంది. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పరిశోధన చేసి, నలభయ్యో ఏడు దగ్గరపడ్డాక డాక్టరేటు పొందారు. ఆ పిదప లివర్‌పూల్‌లో, 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ గారి దగ్గర బీటా కిరణాలను కొలిచారు. 1954లో, యాభై ఏడో ఏట, మన విశ్వవిద్యాలయానికి వచ్చి అణుభౌతికశాస్త్ర శాఖను నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు.

అప్పటికి ఆకాశంలో గామా మెరుపులున్నాయని లోకానికి తెలియదు. వేలా ఉపగ్రహాలు 1967లోనే ఒకదాన్ని పట్టినా, 1973 దాకా ఆ సంగతి ప్రకటించలేదు. రెండు సెకన్లలోపే ఆరిపోయే మెరుపుల్లో చాలావాటికి మూలం రెండు న్యూట్రాన్ తారలు ఢీకొనడమని తర్వాత తేలింది. దూరపు మెరుపుల వెనక మిగిలే వెలుగు మరీ మసక. అందుకే శాస్త్రజ్ఞులు దగ్గరివాటి కోసం వెతుకుతారు. 2017 ఆగస్టు 17న అలాంటిదొకటి దొరికింది. పదమూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరం, ఆకాశం లెక్కలో అది పొరుగే! ముందు గురుత్వ తరంగం, 1.7 సెకన్ల తర్వాత గామా మెరుపు. ఆపైన కొన్నాళ్ళు నిలిచిన వెలుగు, అప్పుడే పుట్టిన బరువైన పరమాణువుల రేడియోధార్మిక క్షయం వల్ల వచ్చింది. బంగారం పుట్టే చోట్లలో ఇదొకటన్నమాట. ఆ వెలుగును అర్థం చేసుకోవాలంటే బీటా క్షయం తెలిసుండాలి.

స్వామిగారు ఆ మెరుపుల్ని వెతకలేదు. కానీ వాటిని చదవడానికి కావలసిన ఓనమాలు నేర్చి, మనకూ నేర్పారు. అదీ, లోకం ఆలస్యమనుకునే వయసులో.

మిత్రులారా, నేను చదువు మానలేదు. ఆ పేరు కింద నుంచి ఇప్పుడు సిగ్గు లేకుండా లోపలికి వెళ్తున్నాను.