ఆకాశయాత్రిక అమీ జాన్సన్

రెండు విమానాశ్రయాల నడుమ దూరమెంతో పటం చూచి చెప్పవచ్చు. ప్రయాణానికి పట్టే కాలాన్ని నిర్ణయించడం మాత్రం అంత సులభం కాదు. అమీ జాన్సన్ జీవితమే ఇందుకు నిదర్శనం.

ఆమె 1903 జులై 1న ఇంగ్లండులోని హల్ రేవుపట్టణంలో ఒక చేపల వర్తకుని ఇంట జన్మించింది. షెఫీల్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి పట్టభద్రురాలై, లండనులో ఒక న్యాయవాదుల కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల విమానం నడపడం నేర్చుకొన్నది. నడపడంతో తృప్తిపడక యంత్రం విప్పి బిగించే విద్యలోనూ ప్రభుత్వ యోగ్యతాపత్రం సంపాదించింది. ఈ రెండవ విద్యే ఆమెను కాపాడిందని నా తలంపు.

1930 మే 5న క్రాయిడన్ విమానాశ్రయం నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు ఒంటరిగా బయలుదేరింది. అంతకు మునుపు ఆమె చేసిన సుదీర్ఘ ప్రయాణం లండను నుంచి హల్ వరకే! విమానమా, పైకప్పు లేని పాత జిప్సీ మాత్. రేడియో లేదు. భూగోళంపై ఆ రెండు చోట్లకు సూటి దూరం సుమారు 8,600 మైళ్ళు. కాని పెట్రోలు దొరికే మైదానాలను వెదకుకొంటూ పోవలసి రావడంతో అది 11,000 మైళ్ళయింది. గంటకు 85 మైళ్ళ చొప్పున లెక్కిస్తే గాలిలో గడిపే కాలం 130 గంటలే. అనగా ఐదున్నర దినాలు. విద్యార్థులు వేయదగిన లెక్కే. ఐనా ఆమెకు పట్టినది పందొమ్మిదిన్నర దినాలు.

తేడా ఎక్కడ వచ్చింది? 1928లో బర్ట్ హింక్లర్ పదిహేనున్నర దినాలలో చేరుకొన్నాడు. ఆమె ఆరవనాటికే కరాచీ చేరి అతనికంటె రెండు దినాలు ముందున్నది. అలహాబాదు చేరవలసిననాడు పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగవలసివచ్చింది. రంగూను సమీపాన కుండపోత వాన. ఇన్సీన్‌లోని సాంకేతిక విద్యాలయపు ఆటస్థలంలో దిగగా విమానం గుంటలో పడి రెక్క చినిగింది. అక్కడి ఉపాధ్యాయులు, విద్యార్థులు మరమ్మతుకు పూనుకొన్నారు. యుద్ధకాలంలో మిగిలిన విమానపు బట్టతో ఎవరో చొక్కాలు కుట్టించుకొని ఉండగా, ఆ చొక్కాలే తిరిగి రెక్కకు అతుకులైనాయి! ఆ జాప్యంతో హింక్లర్ కాలాన్ని మించే ఆశ అడుగంటింది. మే 24న డార్విన్‌లో దిగింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన తొలి మహిళగా లోకం ఆమెకు బ్రహ్మరథం పట్టింది. ఆమె మాత్రం ఓడిపోయినట్లే భావించిందట.

తరువాత టోక్యోకు, కేప్‌టౌనుకు ఎగిరి కొత్త రికార్డులు నెలకొల్పింది. జిమ్ మాలిసన్‌తో వివాహం 1932లో జరిగి, 1938లో విచ్ఛిన్నమైంది.

యుద్ధకాలంలో సైనిక విమానాలను ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేసే ఉద్యోగంలో చేరింది. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డు చెంతనున్న కిడ్లింగ్‌టన్‌కు బయలుదేరింది. దూరం 150 మైళ్ళు. గంటకు కొంచెం మించిన ప్రయాణం. మేఘాలు దట్టంగా కమ్మినవి. సుమారు నాలుగు గంటల అనంతరం, గమ్యానికి నూరు మైళ్ళకు పైగా తూర్పున, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట ఆమె విమానం కూలింది. హేజిల్‌మియర్ అనే నౌక అధికారి వాల్టర్ ఫ్లెచర్ ఆమెను రక్షించడానికై మంచువంటి నీటిలోనికి దూకి, తానూ ప్రాణాలు కోల్పోయినాడు. అమీ దేహం దొరకలేదు.